రాయగడ స్టూడియోకు రెండుసార్లు కట్టిన కంప్యూటర్

రాయగడలో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లు అమర్చి ఇస్తున్నాను. ఒకే మనిషికి, అదే ప్రాసెసర్, అదే గ్రాఫిక్స్ కార్డుతో తొమ్మిది నెలల్లో రెండుసార్లు కంప్యూటర్ కట్టవలసి రావడం ఇదొక్కసారే జరిగింది. మొదటిసారి ఎంచుకున్న క్యాబినెట్ తప్పు. ఆ ఎంపిక నాదే కనుక, ఇలాంటి పని మీద పడ్డ మరొకరికి ఉపయోగపడుతుందని కొలతలతో సహా రాసి పెడుతున్నాను.

ఆయనకు మజ్జిగౌరి అమ్మవారి గుడికి వెళ్లే దారిలో ఫొటో స్టూడియో ఉంది. తాతల నాడు పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. ముందు గదిలో గాజు బల్ల, వెనక ఎనిమిదడుగుల వెడల్పున్న ఎడిటింగ్ గది. ఏసీ లేదు. ఇటు గుణుపురం, మునిగుడ, కొరాపుట్ వరకు, అటు పార్వతీపురం, బొబ్బిలి వరకు పెళ్లిళ్లు ఒప్పుకుంటారు. ఈ వారం ఆల్బమ్ మీద పేర్లు ఒడియా లిపిలో ఉంటే వచ్చే వారం తెలుగులో ఉంటాయి. తెలుగువారి పెళ్లి ముహూర్తం చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే. మర్నాడు సాయంత్రం విందులో ఎల్‌ఈడీ తెర మీద ఇరవై నిమిషాల చిత్రం చూపించమని ఇప్పుడు దాదాపు ప్రతి ఇంటివారూ అడుగుతున్నారు. తాళి కట్టిన క్షణం నుంచి చిత్రం తెర మీదికి రావడానికి మధ్య పదహారు గంటలు దొరికితే గొప్ప. అందుకే ఎడిటింగ్ యంత్రం పెళ్లివారింటికే వెళ్లాలి.

అంతకు ముందు ఆయన వాడిన ల్యాప్‌టాప్ వేసవిలో వేడెక్కి, సరిగ్గా పని ఒత్తిడి పెరిగిన గంటలోనే నెమ్మదించేది. 2024 కార్తీకంలో దుకాణానికి వచ్చి, "తమ్ముడూ, సంచిలో పట్టే డెస్క్‌టాప్ కావాలి. రైల్లో ఒళ్లో పెట్టుకుని వెళ్లగలగాలి" అన్నారు. చిన్న క్యాబినెట్లలో పని చేయడం నాకు ఎప్పటినుంచో ఇష్టం. ఆ ఇష్టం ఆరోజు నా నిర్ణయాన్ని ఒకవైపు లాగిందని ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది.

లోపల ఎంత వేడి పుడుతుందో లెక్క తేలకుండా క్యాబినెట్ ఎంచకూడదు. కాబట్టి ముందు భాగాలు. ఆయన కెమెరా సోనీ ఏ7 ఫోర్, తీసేది 10 బిట్ 4:2:2 వీడియో, అంటే రంగుల వివరం మామూలు కంటే ఎక్కువగా ఉండేది. కుదించిన ఈ వీడియోను బొమ్మలుగా విప్పే భారం ప్రాసెసర్ కోర్ల మీద పడితే ఎంత ఖరీదైన యంత్రమైనా టైమ్‌లైన్ మీద తడబడుతుంది. హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో ఉన్న 4:2:2 వీడియోను ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని క్విక్ సింక్ భాగం 11వ తరం నుంచి నేరుగా విప్పగలదు. ఎన్విడియా కార్డులకు ఆ సామర్థ్యం 2025లో వచ్చిన ఆర్టీఎక్స్ 50 వరుసతోనే దక్కింది. అందువల్ల కోర్ ఐ5-13500 తీసుకున్నాం. పెద్ద కోర్లు 6, చిన్న కోర్లు 8. మూల విద్యుత్తు 65 వాట్లు, గరిష్ఠం 154 వాట్లు. దానిలోనే ఉన్న గ్రాఫిక్స్ భాగం యూహెచ్‌డీ 770లో వీడియోను విప్పే యంత్రాంగాలు రెండు. కాస్త చౌకైన ఐ5-13400లో ఒక్కటే. మా వైపు పెళ్లి ఎడిటర్లలో చాలామందిలాగే ఈయన వాడేదీ ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, అది క్విక్ సింక్‌ను బాగా వాడుకుంటుంది. ఒక్క జాగ్రత్త చెప్పాను: కెమెరాలో ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ రకం పెట్టుకోవాలి, అది హెచ్.265. ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే పాత పద్ధతి హెచ్.264, అందులోని 4:2:2ను ఈ తరం క్విక్ సింక్ విప్పదు. ఈ చిన్న మార్పు చాలామందికి కొత్త గ్రాఫిక్స్ కార్డు ఖర్చు తప్పిస్తుంది.

రంగులు సరిదిద్దడానికి, ఎఫెక్టులకు ఆర్టీఎక్స్ 4060. ఇది 115 వాట్ల కార్డు, రెండు ఫ్యాన్లు, పొడవు 240 మిల్లీమీటర్ల లోపు. 64 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 170 మిల్లీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు. అన్నీ పూర్తి పనిలో ఉన్నప్పుడు దాదాపు 310 వాట్లు. అంటే పెట్టెలో మూడు వందల వాట్ల హీటర్ పెట్టి మూత వేసినట్టే లెక్క.

చిన్న క్యాబినెట్లను లీటర్లలో కొలుస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగిస్తే లీటర్లు. మొదటిసారి నేను ఎంచింది పది లీటర్ల లోపు క్యాబినెట్. ఒకవైపు బోర్డు, దాని వీపుకు వీపు ఆనించి రెండో వైపు గ్రాఫిక్స్ కార్డు, రెండింటినీ కలపడానికి రైజర్ కేబుల్. 7.2 లీటర్ల డ్యాన్ ఏ4 క్యాబినెట్‌తో పేరు తెచ్చుకున్న సాండ్‌విచ్ అమరిక ఇది. మాది వేరే తయారీ. దానికి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అంటే భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా, ఎస్‌ఎఫ్‌ఎక్స్ అనే చిన్న సైజుది. మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ వెడల్పు 150, ఎత్తు 86, పొడవు 140 మిల్లీమీటర్లు, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. ఎస్‌ఎఫ్‌ఎక్స్ అయితే 125, 63.5, 100. చేతిలో పట్టుకుంటే ఇటుక పక్కన సబ్బుపెట్టెలా ఉంటుంది. ప్రాసెసర్ మీద 47 మిల్లీమీటర్ల ఎత్తున్న కూలర్ మాత్రమే పట్టింది.

కట్టిన రోజే ఒక ఇబ్బంది ఎదురైంది. కార్డు నుంచి తెర రాలేదు. కార్డును తీసి బోర్డుకు నేరుగా గుచ్చితే వచ్చింది. లోపం రైజర్ కేబుల్‌ది: అది కార్డునూ బోర్డునూ కలిపే పీసీఐఈ మార్గంలో మూడో తరం వేగానికి తయారైనది, బోర్డూ కార్డూ నాలుగో తరంలో మాట్లాడుకోవాలని చూస్తున్నాయి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నందున బోర్డు హెచ్‌డీఎంఐ నుంచి తెర పెట్టుకుని, బయాస్‌లో, అంటే బోర్డు సొంత సెట్టింగుల్లో, ఆ స్లాట్ వేగాన్ని మూడో తరానికి కట్టేశాను. 4060 లాంటి కార్డుకు ఎడిటింగ్‌లో తేడా తెలియలేదు. రైజర్ ఉన్న క్యాబినెట్ ఎవరు తెచ్చినా కార్డు బిగించక ముందే ఈ సెట్టింగ్ మార్చడం ఇప్పుడు నా పద్ధతి.

మాఘ, ఫాల్గుణాల్లో యంత్రం చక్కగా నడిచింది. ఆయన సంతోషం చూసి నాకూ నమ్మకం పెరిగింది. ఒక పెళ్లివారింట్లో "ఇంత చిన్నదాంట్లోనా!" అని పిల్లలు చుట్టూ చేరారట.

చైత్రం దాటగానే కథ మారింది. గది ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే లోపలి చిప్ ఉష్ణోగ్రత కూడా సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. ఏ కూలరూ గది గాలి కంటే చల్లగా చేయలేదు. విదేశాల్లో పరీక్షించి చూపించే అంకెలు సాధారణంగా ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదులవి. వైశాఖంలో ఆయన గదిలో మధ్యాహ్నం నా థర్మామీటర్ 38 చూపించింది. ప్రాసెసర్ 65 వాట్లకు మించకుండా బయాస్‌లో కట్టేసినా చిప్ 98 దగ్గర నిలిచింది. ఆ ప్రాసెసర్ హద్దు 100. కార్డు ఊదే వేడి గాలి బయటికి పోయే దారి పక్కనే ఎస్‌ఎంపీఎస్ గాలి పీల్చుకునే రంధ్రాలున్నాయి. ఆ సంగతి కట్టేటప్పుడు చూశాను, అంతగా పట్టించుకోలేదు.

ఎర్ర దుమ్ము సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా ఊరి మట్టి మెత్తగా పొడిలా లేస్తుంది. సన్నని రెక్కల మధ్య చేరి, వానాకాలం తేమకు పూతలా గట్టిపడుతుంది. 47 మిల్లీమీటర్ల కూలర్ రెక్కలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆరు నెలలకే సగం మూసుకుపోయాయి. శుభ్రం చేద్దామంటే సాండ్‌విచ్ అమరికలో కార్డు, రైజర్, ఎస్‌ఎంపీఎస్ కేబుల్ వరుసగా విప్పితే గాని కూలర్ అందదు. స్టూడియో కుర్రవాడు బ్లోయర్‌తో అయిదు నిమిషాల్లో చేయగలిగే పనికి ప్రతిసారీ నేనే వెళ్లి గంటన్నర కూర్చోవలసి వచ్చింది.

గుణుపురం రాత్రి

2025 వైశాఖంలో గుణుపురంలో పెళ్లి. సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయింది. పందిరికి జనరేటర్ వేశారు. అది ఆగి ఆగి నడుస్తుంటే మధ్యలో ఇన్వర్టర్‌కు మార్చారు. రాత్రి పదకొండు దాటాక ఆయన ఫోన్. "తమ్ముడూ, టప్‌మని శబ్దం వచ్చింది, కాలిన వాసన వస్తోంది. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు." ముహూర్తం ఇంకా మూడు గంటల్లో ఉంది. వెనక నుంచి ఆయన భార్య గొంతు కూడా వినిపించింది: "బాబూ, పిల్లల పెళ్లి. ఎలాగైనా చూడు నాయనా."

ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఎస్‌ఎంపీఎస్ నా దుకాణంలో లేదు. రాయగడలో ఎవరి దగ్గరా లేదు. నలుగురికి ఫోన్ చేసి నిద్ర లేపి అడిగాను. పార్వతీపురంలో లేదు. విశాఖలో దొరకవచ్చు, కానీ దుకాణాలు తెరిచేసరికి పది, అక్కడి నుంచి గుణుపురం చేరేసరికి విందు మొదలవుతుంది. ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్‌లు మాత్రం నా అరలో మూడు ఉన్నాయి. చిన్న ఊళ్లలో కూడా ఏ కంప్యూటర్ దుకాణంలో అడిగినా ఒకటైనా ఉంటుంది. రెండింటి నుంచి వచ్చే 24 పిన్నుల కనెక్టర్, ప్రాసెసర్ కనెక్టర్, కార్డు కనెక్టర్ ఒకటే; తేడా ఒంటి కొలతలోనే. క్యాబినెట్‌లో పట్టకపోతే బయట పెట్టి నడపవచ్చు.

తెల్లవారుజామున బండి మీద బయలుదేరి వంశధార ఒడ్డున ఉన్న ఆ కల్యాణ మండపానికి చేరేసరికి తెల్లారింది. కొత్త జంట అరుంధతీ నక్షత్రం చూసి వచ్చి అలసిపోయి కూర్చున్నారు. ఆయన కెమెరా కార్డులన్నీ ఒక స్టీలు డబ్బాలో పెట్టి నా కోసం చూస్తున్నారు.

ముందు ఎస్‌ఎంపీఎస్ నిజంగా పోయిందా అని చూశాను. 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్నును పక్కనున్న 17వ గ్రౌండ్ పిన్నుతో చిన్న తీగతో కలిపితే బాగున్న ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరగాలి. తిరగలేదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్టులకు దగ్గరగా నిలవ ఉంటుంది. ప్లగ్ తీసేసిన తరవాత కూడా ప్రాణం తీయగలదు.

ఇక్కడే నా సహాయకుడు ఒక పొరపాటు చేయబోయాడు. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు క్యాబినెట్‌లో అందంగా దూర్చి ఉన్నాయి కదా, వాటిని అలాగే ఉంచి రెండో కొసను కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు గుచ్చుదాం అన్నాడు. గుచ్చితే సరిగ్గా పట్టాయి కూడా. చెయ్యి పట్టుకుని ఆపాను. విడదీయగల కేబుళ్లకు బోర్డు వైపు కొస అందరిదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు కొస మాత్రం తయారీదారును బట్టి, ఒక్కోసారి అదే తయారీదారు మోడల్‌ను బట్టి మారుతుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళితే ఎస్‌ఎస్‌డీ, అందులోని పెళ్లి, రెండూ పోతాయి. కెమెరా కార్డుల్లో నకలు ఉంది కాబట్టి సరిపోయిందనుకోవడానికి లేదు. ఎడిట్ ప్రాజెక్టు దాంట్లోనే ఉంది. పాత కేబుళ్లన్నీ తీయించి, కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చినవే వేశాం. ఆ తరవాత నుంచి నా దుకాణంలో ప్రతి ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లకూ దాని పేరు రాసిన కాగితం అంటిస్తున్నాం.

క్యాబినెట్ పక్క పలకలు రెండూ తీసి పక్కన పెట్టాం. ఎస్‌ఎంపీఎస్‌ను చెక్క పీట మీద కూర్చోబెట్టాం. యంత్రం లేచింది. అయితే క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి ఆనితే జివ్వుమంటోంది. పందిరిలో లాగిన తీగలో ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు రెండు కరెంటు తీగల మధ్య బిందువును లోహపు ఒంటికి కలుపుతాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు అటు పోతుంది, లేకపోతే ఒంటి మీద సుమారు సగం వోల్టేజీ నిలుస్తుంది. కరెంటు చాలా స్వల్పమే, కానీ ఉలిక్కిపడి ఎవరైనా బల్లను తోస్తే చాలు. మండపం గోడకున్న మూడు రంధ్రాల సాకెట్‌కు వేరుగా తీగ లాగాం, జివ్వుమనడం పోయింది. సాయంత్రం ఏడున్నరకు చిత్రం తెర మీద ఆడింది. పెళ్లికూతురి నాన్నమ్మ ముందు వరుసలో కూర్చుని అప్పగింతల ఘట్టానికి కన్నీళ్లు పెట్టుకుంది. నేను వెనక పీట దగ్గర నిలబడి ఎస్‌ఎంపీఎస్ మీద ఎవరూ కాలు పెట్టకుండా కాపలా కాశాను.

మళ్లీ ఎంచుకోవడం

తిరిగి వచ్చేటప్పుడు ఆయన నిష్ఠూరంగా ఒక్క మాట కూడా అనలేదు. "ఇంకోసారి ఇలా కాకుండా చూడు తమ్ముడూ" అన్నారంతే. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

మొదటిసారి నన్ను నేను అడగాల్సిన ప్రశ్న ఎన్ని లీటర్లని కాదు. పెళ్లి రాత్రి ఇందులో ఏది పోతే, రెండు గంటల ప్రయాణంలో దొరికేది ఏది? ఒక్కో భాగాన్నీ ఇలా చూశాను. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్ ఎక్కడైనా దొరుకుతాయి. గ్రాఫిక్స్ కార్డు పోయినా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో ఎలాగోలా ముగించవచ్చు. ప్రాసెసర్, బోర్డు పోవడం అరుదు. మా వైపు కరెంటుకు ముందుగా బలయ్యేది ఎస్‌ఎంపీఎస్. అదే దొరకనిదైతే మిగతా అన్నీ ఉన్నా లేనట్టే. కాబట్టి కొత్త క్యాబినెట్ చిన్నదే కావాలి, కాని ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ పట్టాలి. ఈ షరతు పెట్టుకోగానే జాబితా బాగా చిక్కిపోయింది.

కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 నాకు చాలా ఇష్టమైన క్యాబినెట్. 18.25 లీటర్లు, 155 మిల్లీమీటర్ల కూలర్ పడుతుంది, లోపల చెయ్యి తిరుగుతుంది. కానీ దానికీ ఎస్‌ఎఫ్‌ఎక్సే కావాలి. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో ఉన్నవారికి నేటికీ అదే చెబుతాను, రాయగడలో వద్దన్నాను. రెండు ఎస్‌ఎఫ్‌ఎక్స్‌లు కొని ఒకటి అట్టే పెట్టుకోవచ్చు కదా అని ఆయన కొడుకు అడిగాడు. మంచి ప్రశ్నే. కానీ అదే వాట్లకు ఎస్‌ఎఫ్‌ఎక్స్ ధర బాగా ఎక్కువ, పైగా వాడకుండా ఉన్నా వారంటీ గడువు కరిగిపోతూనే ఉంటుంది. అసూస్ ప్రైమ్ ఏపీ201 చూశాం. 33 లీటర్లు, ఏటీఎక్స్ హాయిగా పడుతుంది. బల్ల మీద ఉండిపోయే యంత్రానికి దానిని మించినది లేదు, కాని రోజూ మోసేవారికి బరువు.

చివరికి నిలిచింది లియన్ లీ ఏ3. పొడవు 443, వెడల్పు 194, ఎత్తు 306 మిల్లీమీటర్లు, గుణిస్తే 26.3 లీటర్లు. ఎస్‌ఎంపీఎస్ ముందు భాగంలో ఒక చట్రానికి వేలాడుతుంది. ఎస్‌ఎఫ్‌ఎక్స్, ఏటీఎక్స్ ఏదైనా సరే. కూలర్ 165 మిల్లీమీటర్ల వరకు. పక్క పలకలు జల్లెడలా ఉంటాయి, పనిముట్టు లేకుండా ఊడి వస్తాయి. ఇది 2024లోనే వచ్చింది. మొదటిసారి నేను దీన్ని చూసి కూడా పెద్దదని పక్కన పెట్టాను.

ఈసారి డబ్బు కట్టక ముందు ఒక పని చేశాను. దుకాణంలోని అట్టపెట్టెలను కోసి సరిగ్గా ఆ కొలతలకు ఒక డమ్మీ చేసి, లోపల తొమ్మిది కిలోల బియ్యం మూట పెట్టి ఇచ్చాను. యంత్రం మొత్తం బరువు అంతే అవుతుందని నా అంచనా. వారం రోజులు దాన్ని బల్ల మీద పెట్టారు, బండి మీద తీసుకెళ్లారు, పార్వతీపురం దాకా రైల్లో తీసుకెళ్లి తెచ్చారు. ఒళ్లో పెట్టుకోవడం కుదరలేదు, సీటు కింద మాత్రం పట్టింది. కొడుకు భుజానికి తగిలించుకునే సంచి కుట్టిస్తే సరిపోతుందన్నాడు. బజారులో బ్యాగులు కుట్టే ఆయన దగ్గర స్పాంజి వేసి కుట్టించారు. కాగితం మీద 26 లీటర్లు అంటే ఎవరికీ ఏమీ తెలియదు. అట్టపెట్టె బల్ల మీద పెడితే ఇంట్లోవాళ్లందరికీ అభిప్రాయం ఉంటుంది.

ఆషాఢంలో ముహూర్తాలుండవు. రథయాత్ర అయిన మర్నాడు విప్పడం మొదలుపెట్టాను. పాత మినీ ఐటీఎక్స్ బోర్డునే వాడాం. దాని నాలుగు మరల రంధ్రాలు పెద్ద క్యాబినెట్లలో బోర్డును నిలిపే పొట్టి స్తంభాల్లో, అంటే స్టాండాఫ్‌లలో, పై నాలుగింటికి సరిపోతాయి, కొత్త బోర్డు ఖర్చు లేదు. పెట్టెలోకి దించక ముందే బోర్డు వెనక వైపు ఎస్‌ఎస్‌డీని, కూలర్ కింది చట్రాన్ని బిగించాను. ప్రాసెసర్ కరెంటు కేబుల్‌ను కూలర్ కంటే ముందు గుచ్చాలి. 155 మిల్లీమీటర్ల రెండు గోపురాల కూలర్ కూర్చున్నాక ఆ మూలకు వేలు కూడా వెళ్లదు. ఆ తరవాత ఎస్‌ఎంపీఎస్. వెనక నుంచి ముందుకు కరెంటు తెచ్చే పొడిగింపు తీగ క్యాబినెట్‌లోనే ఉంటుంది. దాని కొస పూర్తిగా లోపలికి దిగిందో లేదో బిగించే ముందే చూసుకోవాలి, వదులుగా ఉంటే వేడెక్కుతుంది. 550 వాట్ల, 140 మిల్లీమీటర్ల ఎస్‌ఎంపీఎస్ ఎంచాను. 310 వాట్లకు అది చాలు, పొట్టిదైతే మిగిలిన కేబుళ్లు చుట్టి పెట్టడానికి చోటు మిగులుతుంది. చిన్న క్యాబినెట్‌లో అసలు తగువంతా ఈ మిగులు కేబుళ్లతోనే.

రైజర్ ఇక అక్కరలేదు, కార్డు నేరుగా బోర్డులో కూర్చుంది. దాని కింద రెండు స్లాట్ల ఖాళీ. అడుగున రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి, పైన వెనకవైపు ఒకటి బయటికి. అడుగు ఫ్యాన్లను కాస్త వేగంగా తిప్పాను. లోపలికి వచ్చే గాలి ఎక్కువైతే సందుల్లోంచి గాలి బయటికే తోసుకుంటుంది, దుమ్ము అడ్డదారిన చేరదు. అడుగు జల్లెడ రంధ్రాలు మా దుమ్ముకు పెద్దవి అనిపించి, సన్నని దోమతెర గుడ్డను కత్తిరించి, అంచులకు ఫ్రిజ్ తలుపుకు ఉండే లాంటి అయస్కాంతపు పట్టీ అంటించి కింద పెట్టాను. దానివల్ల రెండు డిగ్రీలు పెరిగింది. ఆ రెండు డిగ్రీలను ఇష్టపూర్వకంగానే ఒప్పుకున్నాను. బల్లి, బొద్దింక లోపలికి దూరే బాధ కూడా తీరింది. మా ఊళ్లో వానాకాలంలో ఎస్‌ఎంపీఎస్‌లు పోవడానికి అవీ కారణమే.

కొలతల విషయానికి వస్తే, వేరు వేరు రుతువుల్లో తీసిన అంకెలను పక్కపక్కన పెట్టకూడదు. గది ఉష్ణోగ్రత తీసేసి చూడాలి. పాత పెట్టెలో 65 వాట్ల దగ్గర గది కంటే 60 డిగ్రీలు ఎక్కువ. కొత్తదానిలో ప్రాసెసర్‌కు 95 వాట్లు ఇచ్చినా గది 33 ఉన్నప్పుడు చిప్ 74, అంటే 41 డిగ్రీలే ఎక్కువ. గుణుపురం పెళ్లి చిత్రాన్నే మళ్లీ ఎగుమతి చేసి చూశాం. వేసవిలో 34 నిమిషాలు పట్టినది 25కు వచ్చింది. ఆయనకు వీటికంటే నచ్చింది చప్పుడు తగ్గడం. మంత్రాల ధ్వనిని సరిదిద్దేటప్పుడు ఇప్పుడు పక్క గదిలోకి వెళ్లనక్కరలేదట.

పెద్ద కూలర్‌తో ఒక కొత్త బాధ్యత వచ్చింది. ముప్పావు కిలో బరువు బోర్డు నుంచి అడ్డంగా వేలాడుతుంటుంది. గుంతల రోడ్డు మీద అలా నిలబెట్టి తీసుకెళ్తే బోర్డు వంగుతుంది, కార్డు స్లాట్ వదులవుతుంది. అందుకే ప్రయాణంలో క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టాలి, కూలర్ గోపురం ఆకాశం వైపు చూసేలా. ఏ పక్క పైకి ఉండాలో సంచి మీద ఎర్ర దారంతో బాణం కుట్టించాం. దూరం వెళ్లినప్పుడు కార్డు కింద స్పాంజి ముక్క దూర్చి, చేరాక తీసేస్తారు. స్పాంజి తీయకుండా యంత్రం వేయకూడదని బటన్ మీద కాగితం అంటించే అలవాటు ఆయనే చేసుకున్నారు.

కరెంటు వైపు కూడా సరిచేశాం. దిద్దిన చదరపు అలలిచ్చే పాత ఇన్వర్టర్‌తో ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లకు పడదు. స్టూడియోలో శుద్ధమైన సైన్ వేవ్ ఇన్వర్టర్ పెట్టించాను. పెళ్లిళ్లకు చిన్న యూపీఎస్ వెంట వెళ్తుంది, జనరేటర్ ఆగినప్పుడు ఫైలు భద్రపరిచి ఆపడానికి సరిపడేంత. సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూపే మూడు దీపాల ప్లగ్ ఒకటి సంచి జేబులో ఉంది. ఎస్‌ఎంపీఎస్ మార్చడం ఆయన కొడుకుకు నేర్పాను. మొదటిసారి యాభై నిమిషాలు పట్టింది, మూడోసారికి ఇరవై రెండు.

కార్తీకంలో బొబ్బిలి, పర్లాకిమిడి, మళ్లీ గుణుపురం, వరుసగా ఆరు పెళ్లిళ్లు తిరిగాక యంత్రాన్ని సర్వీసుకు తెచ్చారు. కూలర్ రెక్కల్లో దుమ్ము దాదాపు లేదు. అడుగున దోమతెర గుడ్డ మీద ఎర్ర మట్టితో పాటు పసుపు పూసిన అక్షింతలు గుప్పెడు చిక్కుకుని ఉన్నాయి. వేదిక పక్కనే నేల మీద పెట్టి నడిపారట. గుడ్డ ఉతికి ఆరేసి, కింద ఇరవై మిల్లీమీటర్ల రబ్బరు కాళ్లు బిగించి, ఇకపై బల్ల మీదే పెట్టమని చెప్పి పంపాను.